సింగపురం – నీటి గాథ

ఆగ్నేయాసియా పటంలో మలయా ద్వీపకల్పం దక్షిణపు కొస వద్ద ఒక చిన్న చుక్క కనిపిస్తుంది. అదే సింగపూర్ దేశం. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒక డిగ్రీకి కొంచెం ఎగువగా ఉన్న ఈ దేశంలో ఒక ప్రధాన ద్వీపం, దాని చుట్టూ అనేక చిన్న దీవులు ఉన్నాయి. దేశం మొత్తం వైశాల్యం సుమారు 735 చదరపు కిలోమీటర్లు. 2007లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు దాని పరిధి సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అంటే ఒక నగరం పట్టేంత స్థలంలో ఒక దేశమే ఇమిడి ఉన్నదన్నమాట. ఆ కొద్దిపాటి నేల మీద 60 లక్షలకు పైగా జనం నివసిస్తున్నారు. అక్కడ ఎత్తైన కొండగా పేరొందిన బుకిట్ తిమా ఎత్తు 163 మీటర్లు మాత్రమే.

ఈ దీవిని గురించి మొదట గ్రహించవలసిన వింత ఒకటి ఉన్నది. ఇక్కడ వానకు కొరత లేదు. ఏడాది పొడవునా ఉరుములతో కూడిన వర్షాలు కురుస్తూనే ఉంటాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 2,400 మిల్లీమీటర్లు. ఇది తెలుగు నేలపై కురిసే సగటు వర్షానికి రెండింతలకు పైమాట. అయినా నీటి కొరత గల దేశాల జాబితాలో సింగపూర్ పేరు ఎప్పుడూ కనిపిస్తుంది. కారణం సులభంగానే తెలుస్తుంది. కురిసిన నీరు నిలవడానికి చోటు కావాలి. పొడవైన నదులు, పెద్ద సరస్సులు, చెప్పుకోదగిన భూగర్భ జలం ఈ దీవిలో లేవు. ఉన్న వాగులన్నీ పుట్టిన కొద్ది దూరంలోనే సముద్రంలో కలిసిపోతాయి. ఇళ్లకు, కర్మాగారాలకు, రేవులకు, విమానాశ్రయానికి, సైనిక శిక్షణకు పోగా మిగిలిన నేల మీదనే చెరువు తవ్వుకోవాలి. దాహం తీర్చుకోవడానికి ఈ దేశం పడిన పాట్లే దాని చరిత్రలో సగభాగమని చెప్పవచ్చు.

సింగపూర్ అనే పేరు సంస్కృత పదమైన సింహపురం నుండి వచ్చినది. పలెంబాంగ్ నుండి వచ్చిన సంగ్ నీల ఉత్తమ అనే రాజకుమారుడు ఈ తీరంలో దిగి, ఒక వింత జంతువును చూశాడనీ, అది సింహమని అనుచరులు చెప్పగా ఆ పేరు పెట్టాడనీ మలయా రాజుల చరిత్రను తెలిపే గ్రంథంలో ఒక కథ ఉన్నది. ఈ అడవులలో సింహాలు ఎన్నడూ లేవు. ఆయన చూసినది పులి కావచ్చునని పలువురి ఊహ. అంతకు ముందు ఈ దీవికి తెమాసెక్ అనే పేరు ఉండేది. లేని సింహం పేరుతో పిలువబడే ఈ పురానికి నేడు చేప శరీరం, సింహం తల కలిగిన బొమ్మ గుర్తుగా నిలిచింది. ఆ బొమ్మ నోటి నుండి ధారగా దూకేది నీరే.

1819 జనవరిలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి స్టాంఫర్డ్ రాఫెల్స్ ఇక్కడ కాలు మోపాడు. ఫిబ్రవరి 6న స్థానిక పాలకులతో ఒప్పందం చేసుకుని కంపెనీ వ్యాపార స్థావరాన్ని నెలకొల్పాడు. చైనాకూ భారతదేశానికీ నడుమ సాగే ఓడలలో అధికభాగం మలక్కా జలసంధి గుండానే పోతాయి కనుక ఈ చోటుకు ఉన్న విలువ ఆయనకు తెలుసు. దిగుమతి సుంకాలు లేని రేవు కావడంతో కొద్ది ఏళ్లలోనే చైనీయులు, మలయా వారు, బూగీలు, అరబ్బులు, తమిళులు ఇక్కడికి వచ్చి చేరారు. 1826లో పెనాంగ్, మలక్కాలతో కలిపి దీనిని ఒకే పాలనా విభాగం చేశారు. 1867 వరకు ఆ విభాగం బ్రిటిష్ ఇండియా పాలనలోనే ఉండేది.

జనం పెరిగారు గాని నీరు పెరగలేదు. తొలినాళ్లలో బావుల నీటిని ఎడ్లబండ్ల మీద వీధివీధికీ తెచ్చి పోసేవారు. నేటి చైనాటౌన్ ప్రాంతానికి మలయా భాషలో ఉన్న క్రెతా ఆయెర్ అనే పేరుకు నీళ్లబండి అని అర్థం. బండ్లు పోయాయి, ఎడ్లు పోయాయి. పేరు మాత్రం అక్కడే ఉన్నది. 1857లో తాన్ కిమ్ సెంగ్ అనే చైనీయ వర్తకుడు నగరానికి మంచినీటి ఏర్పాటు చేయడానికి 13,000 డాలర్లు విరాళమిచ్చాడు. ఆ ధనం ఆశించిన ఫలితం ఇవ్వకుండానే ఖర్చయిపోయింది. ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు, 1882లో, పాలకులు ఆయన పేర ఒక ఫౌంటెన్ కట్టించారు. దాత కోరినది కుళాయి, దక్కినది ఫౌంటెన్. ఎట్టకేలకు దీవి నడుమ అడవిలో వాగుకు అడ్డంగా కట్ట వేసి నిర్మించిన మొదటి జలాశయం 1868లో పూర్తయింది. నేడు దానిని మెక్‌రిచీ జలాశయం అంటారు. జలాశయం సిద్ధమైనా నగరానికి గొట్టాల ద్వారా నీరు చేరడానికి మరొక దశాబ్దం పట్టింది.

ఆ కాలపు నిర్మాణాలలో భారతీయుల చెమట ఎంతో ఉన్నది. 1825 నుండి సుమారు అర్ధశతాబ్దం పాటు కలకత్తా, మద్రాసు, బొంబాయి ప్రాంతాల నుండి ద్వీపాంతర శిక్ష పడిన ఖైదీలను సింగపూర్‌కు పంపేవారు. వారు అడవులు నరికారు, రోడ్లు వేశారు, కాలువలు తవ్వారు. సెయింట్ ఆండ్రూస్ చర్చి గోడలకు వారు పూసినది మద్రాసు సున్నం. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానిన నీటితో నూరి, పూత ఆరిన తరువాత రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. మన పాత మేడలలో అద్దంలా మెరిసే గోడలను చూసినవారికి ఆ పనితనం పరిచితమే. అయితే ఆ గోడల మీద ఖైదీల పేర్లు ఎక్కడా లేవు.

తెలుగువారికి కూడా ఈ ప్రాంతంతో పాత సంబంధమే ఉన్నది. దక్షిణ భారతీయులను మలయా ప్రాంతంలో వ్యవహరించిన కెలింగ్ అనే మాట కళింగం నుండి వచ్చినది. ఆ కళింగంలో నేటి ఉత్తర కోస్తా ఆంధ్ర భాగమే. ఆ మాటను తరువాతి కాలంలో చులకనగా వాడడం వలన నేడు దానిని ఎవరూ మర్యాదగా భావించరు. పంతొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది మొదట విశాఖపట్నం ప్రాంతం నుండి ఎందరో కూలీలు మలయా రబ్బరు తోటలకు ఓడలెక్కి వెళ్లారు. వారి వారసులలో ఎక్కువమంది నేడు మలేషియాలో ఉన్నారు. సింగపూర్‌లో స్థిరపడిన తెలుగువారు 1975లో సింగపూర్ తెలుగు సమాజాన్ని స్థాపించుకున్నారు. ఇటీవలి దశాబ్దాలలో సాఫ్ట్‌వేర్ నిపుణులు, నౌకా నిర్మాణ శాలలలోనూ భవన నిర్మాణంలోనూ పనిచేసే కార్మికులు పెద్ద సంఖ్యలో వెళ్లారు. 2014లో రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతికి బృహత్ ప్రణాళిక తయారు చేసిన సంస్థలు కూడా సింగపూర్‌వే.

నీటి విషయానికి వస్తే, దీవిలోని జలాశయాలు చాలవని బ్రిటిష్ వారు త్వరలోనే గ్రహించారు. జలసంధికి ఆవల ఉన్న జొహోర్ సంస్థానపు సుల్తానుతో 1927లో ఒప్పందం కుదుర్చుకున్నారు. 1924లో లాంఛనంగా ప్రారంభించిన కాజ్‌వే అనే రాతికట్ట అప్పటికే దీవిని ప్రధాన భూభాగంతో కలుపుతున్నది. దాని పొడవు కిలోమీటరుకు కొంచెం ఎక్కువ. ఆ కట్ట మీదుగా వేసిన గొట్టాల గుండా 1932 నుండి జొహోర్ నీరు సింగపూర్‌కు రాసాగింది. రైలు, రోడ్డు, నీరు మూడూ ఆ ఒక్క కట్టనే ఆశ్రయించుకున్నాయి.

ఆ ఏర్పాటులోని ప్రమాదం పదేళ్లకే బయటపడింది. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనలు మలయా అంతటినీ ఆక్రమిస్తూ దక్షిణానికి దూసుకువచ్చాయి. 1942 జనవరి 31న బ్రిటిష్ సేనలు దీవిలోకి వెనుదిరిగి, శత్రువు వెంటరాకుండా కాజ్‌వేను పేల్చివేశాయి. దానితోపాటు నీటి గొట్టం కూడా తెగిపోయింది. దాడిని ఆపడానికి చేసిన పని వారి దాహానికే దారితీసింది. తరువాత దీవి నడుమ ఉన్న జలాశయాలు జపాన్ వారి వశమయ్యాయి. బాంబులకు పగిలిన గొట్టాల ద్వారా మిగిలిన నీరు వీధుల పాలయింది. లక్షల జనం గల నగరానికి తాగునీరు కొద్ది గంటలలో అడుగంటబోతున్నదని తెలిసిన తరువాతనే, ఫిబ్రవరి 15న, సేనాని పెర్సివల్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. తిండి, మందుగుండు కొరత కూడా ఆ నిర్ణయానికి కారణాలే. కాని ఆనాటి సమాలోచనలో మొదటి స్థానం నీటిది. అజేయ దుర్గంగా పేరుపొందిన సింగపూర్ ఆ విధంగా పతనమయింది. మరుసటి సంవత్సరం, 1943 అక్టోబరు 21న, సుభాష్ చంద్ర బోస్ స్వతంత్ర భారత తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించినది ఈ నగరంలోనే.

యుద్ధానంతరం బ్రిటిష్ వారు తిరిగివచ్చినా వారి మీద నమ్మకం తిరిగిరాలేదు. 1959లో సింగపూర్‌కు స్వపరిపాలన లభించింది. లీ క్వాన్ యూ ప్రధానమంత్రి అయ్యాడు. పీతలగుంటల వంటి మురికివాడలు, నిరుద్యోగం, సమ్మెలు, చైనీయులకూ మలయా వారికీ మధ్య అనుమానాలు ఆ ప్రభుత్వానికి వారసత్వంగా వచ్చినవి. అంతలో వానలు కూడా మొగం చాటేశాయి. 1963 ఏప్రిల్ నుండి సుమారు పది నెలల పాటు నగరంలో నీటి కోత అమలయింది. ఆడవారు, పిల్లలు బకెట్లతో వీధి కుళాయిల వద్ద వరుసలు కట్టారు. పాత తరం వారికి ఆ దృశ్యాలు ఇప్పటికీ జ్ఞాపకమే. నీరు, విద్యుత్తు, గ్యాసు సరఫరాల కోసం ప్రజోపయోగ సేవల మండలి ఏర్పడినది కూడా ఆ ఏడాది మే నెలలోనే.

ఆ కాలంలోనే జొహోర్‌తో మరి రెండు ఒప్పందాలు కుదిరాయి. 1961 నాటి ఒప్పందం 2011లో ముగిసింది. 1962 నాటి ఒప్పందం 2061 వరకు అమలులో ఉంటుంది. దాని ప్రకారం జొహోర్ నది నుండి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల వరకు, అంటే సుమారు 114 కోట్ల లీటర్ల నీరు తీసుకునే హక్కు సింగపూర్‌కు ఉన్నది. ప్రతి వెయ్యి గ్యాలన్లకు మూడు సెన్‌లు చెల్లించాలి. మలేషియా రింగిట్‌లో నూరవ వంతును సెన్ అంటారు. శుద్ధిచేసిన నీటిని జొహోర్ తిరిగి కొనుక్కుంటే వెయ్యి గ్యాలన్లకు యాభై సెన్‌లు ఇవ్వాలి.

1963 సెప్టెంబరు 16న సింగపూర్ మలేషియా సమాఖ్యలో చేరింది. ఇక నీరు పరాయి దేశపు నీరు కాదని అందరూ ఊరట చెందారు. ఆ ఊరట రెండేళ్లు కూడా నిలవలేదు. రాజకీయ విభేదాలు, 1964లో జరిగిన జాతి కలహాలు ఇరుపక్షాల మధ్య దూరాన్ని పెంచాయి. 1965 ఆగస్టు 9న సింగపూర్ సమాఖ్య నుండి విడిపోయి స్వతంత్ర దేశమయింది. కోరి తెచ్చుకున్న స్వాతంత్ర్యం కాదది. ఆ వార్త చెబుతూ టెలివిజన్ ముందు లీ క్వాన్ యూ కన్నీరు పెట్టుకున్నాడు. విడిపోయే ఒప్పందంలోనే నీటి ఒప్పందాలకు హామీ పొందుపరచి, దానిని ఐక్యరాజ్యసమితిలో నమోదు చేయించారు. అయినప్పటికీ, సింగపూర్ విదేశాంగ విధానం తమకు ఇబ్బందికరమైతే జొహోర్ నీటిని ఆపుతామని బెదిరించవచ్చునని మలేషియా ప్రధాని బ్రిటిష్ రాయబారితో అన్నట్లు లీ తన జ్ఞాపకాలలో రాశాడు. ఆ మాట ఆయన మనసులో ఎంత లోతుగా నాటుకున్నదో తరువాతి నలభై ఏళ్ల పనులే చెబుతాయి.

ఈ వివాదంలో రెండో పక్షం మాట కూడా వినదగినదే. 1962లో నిర్ణయించిన మూడు సెన్‌ల ధర ఈనాటికీ మారలేదు. ఇంత చవకగా తమ నది నీటిని ఇవ్వడం అన్యాయమని మలేషియా నాయకులు, ముఖ్యంగా మహాతిర్ మహమ్మద్, పలుమార్లు వాదించారు. ఇరవై ఐదేళ్లకు ధరను సమీక్షించే అవకాశం ఉన్నా 1987లో మలేషియా దానిని వినియోగించుకోలేదనీ, నీటిని శుద్ధిచేయడానికి తమకు అయ్యే ఖర్చు కంటే తక్కువ ధరకే తిరిగి అమ్ముతున్నామనీ సింగపూర్ సమాధానం. ఆనకట్టలకు, గొట్టాలకు, శుద్ధి కేంద్రాలకు పెట్టుబడి అంతా తమదేనని కూడా ఆ దేశం గుర్తుచేస్తుంది. ఎగువ దిగువ రాష్ట్రాల జల వివాదాలను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ వాదప్రతివాదాల తీరు కొత్తగా అనిపించదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దీవిలో ఉన్నవి మూడే జలాశయాలు. నీటికి చోటు కావాలంటే నేలను పొదుపుగా వాడాలి. 1960లో ఏర్పడిన గృహనిర్మాణ మండలి బహుళ అంతస్తుల భవనాలు కట్టి మురికివాడల జనాన్ని వాటిలోకి తరలించింది. నేడు దేశవాసులలో నాలుగింట మూడు వంతులకు పైగా జనం ఆ మండలి కట్టిన ఇళ్లలోనే ఉన్నారు. 1989 నుండి ప్రతి భవనంలోనూ చైనీయ, మలయా, భారతీయ కుటుంబాలు కలిసి ఉండేలా పరిమితులు విధించారు. మలయా, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు నాలుగూ అధికార భాషలు. జాతీయ గీతం మలయా భాషలో ఉన్నది. ఓడరేవు, విదేశీ పెట్టుబడులు, ఎలక్ట్రానిక్ పరిశ్రమలు దేశానికి సంపదను తెచ్చాయి. ఆ పరిశ్రమలకు మళ్లీ నీరే కావాలి. సెమీకండక్టర్ చిప్పులను కడగడానికి అత్యంత శుద్ధమైన జలం అవసరం.

1977 నాటికి నగరం నడుమ పారే సింగపూర్ నది, కలాంగ్ నది మురుగు కాలువలుగా మారి ఉండేవి. ఒడ్డున వేలాది గుడిసెలు, పందుల దొడ్లు, బాతుల పెంపకాలు, వీధి తినుబండారాల బండ్లు, సరకులు దించే పడవలు అన్నీ తమ వ్యర్థాలను నదిలోకే వదిలేవి. వాసన భరించలేక జనం ముక్కు మూసుకుని వంతెన దాటేవారు. పదేళ్లలో ఈ నదిలో చేపలు పట్టుకునేలా చేయాలని ఆ ఏడాది ఫిబ్రవరిలో లీ క్వాన్ యూ అధికారులకు గడువు విధించాడు. నదీగర్భం నుండి బురద తోడారు. వేలాది కుటుంబాలను ప్రభుత్వ గృహాలకు మార్చారు. బండ్ల వారికి కుళాయి, మురుగు వసతి గల కట్టడాలు ఇచ్చారు. ఆ కట్టడాలలో పెరిగిన వంటల సంస్కృతిని 2020లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. 1983లో పడవలన్నింటినీ పడమటి తీరానికి పంపారు. 1987లో పని ముగిసింది. నదిలో చేపలు కనిపించాయి.

ఈ విజయాన్ని చెప్పుకునేటప్పుడు దాని మూల్యం మరువరాదు. తరతరాలుగా పడవ నడిపినవారు ఒక్కసారిగా నదికి దూరమయ్యారు. పందులు పెంచి బతికిన రైతులను మొదట ఒకచోటికి తరలించి, జలాశయాలు కలుషితమవుతాయనే కారణంతో 1984లో ఆ పెంపకాన్నే క్రమంగా నిలిపివేయాలని నిర్ణయించారు. పరిహారం, ఇల్లు దొరికినా, పెరడు, కోళ్లు, కూరపాదులు ఎరిగినవారికి పదో అంతస్తులో జీవనం అంత తేలికగా అబ్బలేదు. గట్టిగా వ్యతిరేకించే అవకాశం కూడా వారికి అంతగా లేదు. 1959 నుండి నేటివరకు అక్కడ ఒకే పార్టీ అధికారంలో ఉన్నది. సభలు, పత్రికలు, నిరసనల మీద కట్టుబాట్లు కఠినంగా ఉంటాయి. నది పదేళ్లలో శుభ్రపడడానికి ఆ పాలనా విధానం ఎంతవరకు తోడ్పడిందన్నది నేటికీ చర్చనీయాంశమే.

నది శుభ్రపడినందున మరొక ఆలోచనకు మార్గం ఏర్పడింది. నది సముద్రంలో కలిసే చోట అడ్డుకట్ట వేస్తే నగరమే ఒక చెరువు కదా! మరీనా బ్యారేజి పేరుతో ఆ కట్ట 2008లో సిద్ధమయింది. 350 మీటర్ల వెడల్పు గల ఈ బ్యారేజికి తొమ్మిది ఉక్కు తలుపులు ఉన్నాయి. భారీ వర్షం కురిసినప్పుడు సముద్రంలో ఆటు ఉంటే తలుపులు దించి అదనపు నీటిని వదులుతారు. పోటు ఉంటే తలుపులు మూసి పెద్ద పంపులతో తోడిపోస్తారు. ఆ విధంగా పల్లపు వీధులకు వరద బెడద కూడా తగ్గింది. మొదట ఉప్పగా ఉన్న ఆ నీరు వానలతో క్రమంగా తీపెక్కింది. దీవిలో ఆరవ వంతు నేల మీద కురిసిన వాన ఇప్పుడు ఈ ఒక్క జలాశయంలోకే చేరుతుంది. దేశంలో నేడు 17 జలాశయాలు ఉన్నాయి. మూడింట రెండు వంతుల నేల వాటికి పరీవాహక ప్రాంతం. మేడల కప్పుల మీద, రోడ్ల మీద పడిన చినుకు కూడా ప్రత్యేక కాలువల గుండా చెరువుకే పోతుంది. మురుగునీటి గొట్టాలు పూర్తిగా వేరు.

వేరుచేసిన ఆ మురుగును కూడా ఊరకనే వదలలేదు. 1974లోనే మురుగునీటిని శుద్ధి చేసే ప్రయోగ కేంద్రం ఒకటి పెట్టి, ఖర్చు ఎక్కువై, యంత్రాలు నమ్మదగినవి కాక, కొద్దికాలానికే మూసివేశారు. పాతికేళ్ల తరువాత వడపోత పొరల తయారీ మెరుగై, ధర తగ్గడంతో మళ్లీ ప్రారంభించారు. ఈ పద్ధతిలో మూడు దశలు ఉన్నాయి. మామూలుగా శుద్ధిచేసిన మురుగునీటిని మొదట అతిసూక్ష్మ రంధ్రాలు గల పొరల గుండా పంపి నలుసులను, సూక్ష్మజీవులను తొలగిస్తారు. తరువాత రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో అధిక పీడనంతో మరొక పొర గుండా నెట్టగా, కరిగి ఉన్న లవణాలు, రసాయనాలు, వైరస్‌లు ఆగిపోతాయి. మన ఊళ్లలో మంచినీటి ప్లాంట్ల వల్ల ఆర్.ఓ. అనే పేరుతో పరిచితమైన పద్ధతి ఇదే. చివరకు అతినీలలోహిత కిరణాలతో మిగిలిన జీవులను చంపుతారు.

శాస్త్రం సిద్ధంగా ఉన్నా జనం మనసు సిద్ధం కావాలి. మరుగుదొడ్డి నీరు తిరిగి గ్లాసులోకి వస్తుందంటే ఎవరికైనా రోత కలుగుతుంది. అధికారులు ముందుగా మాటలు మార్చారు. మురుగునీరు అనడం మానివేసి వాడిన నీరు అన్నారు. శుద్ధి చేసినదానికి న్యూవాటర్ అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఆ మాటకు కొత్తనీరు అనే అర్థం స్ఫురిస్తుంది. 2002 ఆగస్టు 9న జాతీయ దినోత్సవ వేడుకలో సుమారు 60,000 మంది ఆ నీటి సీసాలను ఎత్తిపట్టి ఒకేసారి తాగారు. మరుసటి ఏడాది రెండు కర్మాగారాలు, చూడవచ్చిన విద్యార్థులకు వివరించే కేంద్రం ప్రారంభమయ్యాయి. నిజానికి ఈ నీటిలో అధికభాగం పోయేది చిప్పుల కర్మాగారాలకు, భవనాల శీతలీకరణకు. కరువు రోజులలో కొంత భాగాన్ని జలాశయాలలో కలిపి, మళ్లీ శుద్ధిచేసి కుళాయిలకు పంపుతారు. దేశపు నీటి అవసరాలలో 40 శాతం వరకు తీర్చగల శక్తి ఈ పద్ధతికి ఉన్నది.

నాలుగో ఆధారం సముద్రం. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే మొదటి కర్మాగారం 2005లో తువాస్ వద్ద మొదలయింది. ఇప్పుడు అటువంటివి ఐదు ఉన్నాయి. వాటిలో మరీనా ఈస్ట్ వద్దనున్నది వానలు బాగా కురిసినప్పుడు జలాశయపు నీటిని, ఎండలు కాసినప్పుడు సముద్రపు నీటిని శుద్ధి చేయగలదు. దాని యంత్రాలు భూమిలోపల ఉండగా, పైకప్పు మీద పచ్చిక పెంచి జనం తిరగడానికి వదిలిపెట్టారు. నేలను రెండుసార్లు వాడుకోవడమంటే ఇదే.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఒక ఘనపు మీటరు సముద్రపు నీటిని శుద్ధి చేయడానికి సుమారు 3.5 యూనిట్ల విద్యుత్తు కావాలి. న్యూవాటర్‌కు ఒక యూనిట్ చాలును. సింగపూర్ తన విద్యుత్తులో సుమారు 95 శాతం దిగుమతి చేసుకున్న సహజవాయువుతో ఉత్పత్తి చేస్తుంది. ఆ వాయువులో కొంత ఓడలలోనూ, కొంత ఇరుగు పొరుగు దేశాల నుండి గొట్టాలలోనూ వస్తుంది. నీటి గొట్టం మీద ఆధారపడడం తగ్గించుకున్న కొద్దీ గ్యాసు గొట్టం మీద ఆధారపడడం పెరుగుతున్నది. పూర్తి స్వాతంత్ర్యం అనేది చిన్న దేశాలకు అంత సులభంగా చిక్కే వస్తువు కాదు.

నీటికి ధర కట్టడంలోనూ ఆ ప్రభుత్వం మొహమాట పడదు. వాడకాన్ని తగ్గించడానికి 1991 నుండి జల సంరక్షణ పన్ను వసూలు చేస్తున్నది. 2017లో నీటి ధరను రెండు విడతలుగా 30 శాతం పెంచినప్పుడు అరుదైన ప్రజా వ్యతిరేకత వ్యక్తమయింది. పేద కుటుంబాలకు బిల్లులో రాయితీలు ఇచ్చి పెంపును కొనసాగించారు. ప్రస్తుతం ఇళ్లలో ఒక్కొక్కరు రోజుకు సుమారు 140 లీటర్ల నీరు వాడుతున్నారు. 2030 నాటికి దానిని 130 లీటర్లకు తగ్గించాలని లక్ష్యం. ఈ లెక్కలకు ఆవల మరొక లోకం ఉన్నది. గొట్టాలు పూడ్చి, సొరంగాలు తవ్వి, బ్యారేజీలు కట్టిన చేతులు అధికభాగం భారతదేశం, బంగ్లాదేశ్ వంటి దేశాల నుండి వచ్చిన వలస కార్మికులవి. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు మూడు లక్షలకు పైగా కార్మికులు ఇరుకు వసతి గృహాలలో ఉంటున్న సంగతి లోకానికి తెలిసింది. ఒక గదిలో పదిమందికి పైగా ఉండే ఆ గృహాలలో వ్యాధి దావానలంలా వ్యాపించింది. ఆ తరువాత గదికి ఉండదగిన మనుషుల సంఖ్యను, ఒక్కొక్కరికి ఇవ్వవలసిన చోటును నియమాలతో నిర్ణయించారు.

జొహోర్ నీరు ఆగిపోలేదు. కాజ్‌వే పక్కన గొట్టాలు నేటికీ కనిపిస్తాయి. 2016లో జొహోర్ నదికి ఎగువన ఉన్న లింగియు జలాశయం వానలు లేక ఐదో వంతుకు పడిపోయినప్పుడు, నీటిని ఇచ్చే చేయి ఉదారమైనదే అయినా ఇవ్వడానికి నీరు ఉండకపోవచ్చునని ఇరుదేశాలకూ తెలిసివచ్చింది. రానున్న దశాబ్దాలలో దేశపు నీటి అవసరం నేటికి దాదాపు రెండింతలు అవుతుందని అధికారుల అంచనా.

ఇంతలో సముద్రమే మరొక రూపంలో ముందుకు వస్తున్నది. దీవిలో సుమారు మూడో వంతు నేల సముద్రమట్టానికి ఐదు మీటర్ల ఎత్తు కూడా లేదు. తూర్పు తీరానికి ఎదురుగా సముద్రాన్ని పూడ్చి సుమారు 800 హెక్టార్ల కొత్త నేలను సృష్టించాలనే ప్రణాళికను ప్రభుత్వం 2023లో ప్రకటించింది. ఆ నేల పోటును అడ్డుకునే గోడగా నిలుస్తుంది. దానికీ పాత తీరానికీ మధ్య చిక్కిన ఉప్పునీరు, మరీనాలో వలెనే, వానలతో క్రమంగా మంచినీరై దేశపు 18వ జలాశయం అవుతుంది. ఆ నిర్మాణం పూర్తి కావడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది.